నిండు కూత

అనగనగా, కొండలకు పేర్లు పెట్టిన పెద్దలు ఇంకా బ్రతికి ఉన్న రోజుల్లో, కంచుమెట్ట అనే చిన్న రాజ్యం ఉండేది. దానికి ఒకటే కోట. ఆ కోటకు ఒకటే పెద్ద ద్వారం. ద్వారం పైన ఎత్తైన బురుజు, బురుజు మీద ఒక కావలివాడు.

కావలివాని పేరు మాచన. అతని చేతిలో అడవిదున్న కొమ్ముతో చేసిన పెద్ద బూర ఉండేది. ఆ బూరకు రెండే కూతలు. ఊపిరి తెగకుండా ఒకే పొడుగున ఊదితే అది నిండు కూత. వచ్చేవారు మనవారే, తలుపులు తెరవండి అని దాని అర్థం. అదే ఊపిరిని తుంచి తుంచి ఊదితే అది తెగిన కూత. వచ్చేవాడు శత్రువు, తలుపులు మూయండి అని దాని అర్థం.

రెండు కూతలకూ మొదలు ఒక్కటే. ఊపిరి నిలిచిందా, తెగిందా అన్నదే భేదం. అందువల్ల బూర మోగగానే కంచుమెట్టలో చేట పట్టిన చెయ్యి చేట మీదనే ఆగేది. కూత చివరిదాకా విన్న తరువాతనే ఊరు కదిలేది.

ప్రతి సాయంకాలం ఆవులు మేత నుండి మరలివచ్చే వేళ మాచన నిండు కూత ఊదేవాడు. ఆ కూత విని తల్లులు పొయ్యి రాజేసేవారు.

ఒక సాయంకాలం ఆ కూతే ఊరిని ముంచింది.

పొరుగు దేశపు సేన అడవిలో పొంచి ఉండి, గోపాలురను చంపి, మందను తన ముందు తోలుకుంటూ, ఆ ధూళిలో దాగి వచ్చింది. మాచన కంటికి ఆవులు కనిపించాయి. చెవికి మెడగంటలు వినిపించాయి. రోజూ ఊదినట్టే ఊదాడు. తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

ఆ తరువాత ఏమి జరిగిందో చెప్పవలసిన పని లేదు. లోపలికి చొరబడినవారిని ఊరు ఎలాగో వెలుపలికి నెట్టినా, యుద్ధం చాలాకాలం సాగి చివరికి ముగిసింది. శత్రువు వెళుతూ చాలామందిని బందీలుగా తోలుకుపోయాడు. ద్వారం దగ్గర కాపలా ఉన్న మాచన తమ్ముడు గుండయ ఏమయ్యాడో చూసినవారు లేరు. తలుపులు తెరుస్తూ అతడు ఒక్కసారి తలెత్తి బురుజు వైపు చూశాడు. మాచనకు తెలిసినది అంతే.

ఊరు అతనిని నిందించలేదు. "ఎవరున్నా అదే ఊదేవారు," అన్నారు పెద్దలు. మాచన తల ఊపేవాడు. ఇంటికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

యుద్ధం కోటను విడిచిపోయింది గాని మాచనను విడవలేదు. భార్య కామసాని రోట్లో వడ్లు దంచితే అతనికి గుర్రపు డెక్కలు వినిపించేవి. వాకిట్లో దుమ్ము లేస్తే చేతులు చల్లబడేవి. ఒకనాడు కూతురు పోలి తన మేకపిల్ల మెడకు చిన్న గంట కట్టింది. ఆ చప్పుడు చెవిన పడగానే అతడు లేచివచ్చి, గంటను తెంపి, బావిలో పారవేశాడు.

"మేకకు గంట కడితే తప్పేమిటి నాన్నా?" అని పోలి ఏడ్చింది.

మాచన ఆమె వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

కోటలోని గాదెలు యుద్ధంలో కూలిపోయాయి. కొత్తవి లేచేదాకా పంటనంతా గోడ వెలుపల మూడు కళ్ళాల్లో కుప్పలు వేశారు. పోయిన యుద్ధంలో శత్రువు బయట దొరికిన ధాన్యమే తిని కోటను చుట్టుముట్టి కూర్చున్నాడు. కనుక రాజు ఒక ఆజ్ఞ చేశాడు. తెగిన కూత వినపడగానే కాగడాలు పట్టినవారు గోడలో మరుగున ఉన్న చిన్న చోరద్వారం గుండా పరుగెత్తి కుప్పలకు నిప్పు పెట్టాలి. గోడ మీది విలుకాండ్రు ఎదుట కనిపించినవారి మీద బాణాలు వేయాలి. ఎవరూ ఎవరినీ అడగరాదు, ఆగరాదు.

ఆజ్ఞ మంచిదే. కూత సరిగా ఉన్నంతవరకు.

యుద్ధం ముగిశాక మొదటిసారి ఆవులు మేతకు పోయిన రోజు, సాయంకాలం మాచన బూర ఎత్తాడు. దూరాన ధూళి లేచింది. గంటలు మోగాయి. అవి తమ ఆవులే, తోలుతున్నవారు తమవారే. అది అతనికి తెలుసు. అయినా ఆ ధూళిలో ఈటెలు మెరిసినట్టు తోచింది. నిండు కూత మొదలుపెట్టిన ఊపిరి నడుమ వణికింది, తెగింది, మళ్ళీ తెగింది.

తలుపులు మూసుకున్నాయి. బాణాలు లేచాయి. ముసలి గోపాలుడొకడు "మేమే! మేమే!" అని అరుస్తూ భుజానికి బాణం తగిలి పడ్డాడు. కేకలు విని ఆగమనేసరికి పడమటి కళ్ళం కాలిపోయింది.

రెండవసారి ఉప్పు బండ్లు వచ్చాయి. ఎద్దుల అడుగుల చప్పుడు వినగానే, మాచన చూడనైనా చూడకుండా తెగిన కూత ఊదాడు. ఈసారి దక్షిణపు కళ్ళం బూడిద అయింది. ఉప్పు వర్తకులు బండ్లు వదిలి పారిపోయారు. మళ్ళీ ఆ దారిన రాలేదు.

మరునాడు కుండలు అమ్మే చెన్నమ వీధిలో అతనికి ఎదురుపడింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు బందీగా పోయాడు. అందువల్ల ఆమె ఏమన్నా ఎవరూ వారించేవారు కారు.

"ఏమయ్యా మాచనా! మా పొయ్యిలు వెలగడం లేదు గాని నీ బూర కళ్ళాలను మాత్రం బాగా వెలిగిస్తోంది. తూర్పుది ఎప్పుడు ముట్టిస్తావు? చెబితే పిల్లలను చలి కాచుకోవడానికి తీసుకువస్తాను."

మాచన తల వంచుకుని నడిచాడు.

ఆ సాయంకాలమే రాజుగారి పిలుపు వచ్చింది. కామసాని భర్త ఉత్తరీయం సరిచేస్తూ మెల్లగా అంది: "ఈటెలు కనిపించాయని చెప్పండి. ఆ దుమ్ములో ఏముందో ఎవరు చూడవచ్చారు? నా కోసం కాకపోయినా పోలి కోసమైనా చెప్పండి."

సభలో రాజు అడిగాడు. "మాచనా, ఆ బండ్లలో ఏమి చూశావు?"

మాచన నాలుక చివర అబద్ధం సిద్ధంగా ఉంది. అతడు దాన్ని మింగివేశాడు.

"ఏమీ చూడలేదు ప్రభూ."

"చూడకుండా ఎందుకు ఊదావు?"

"భయపడ్డాను ప్రభూ. ఆ సాయంకాలం చూసినది ఇంకా నా కళ్ళలోనే ఉంది. ఎటు చూసినా అదే కనిపిస్తోంది."

దుర్గపాలకుడు బొల్లన లేచి నిలబడ్డాడు. "కావలివాడు భయపడ్డానంటే ఇక కోట దేనికి, మనం దేనికి? ఇతనిని బురుజు దింపండి!"

"దింపి ఎవరిని ఎక్కిస్తావు? బూర ఊదగలవారిలో మిగిలినది ఇతడొక్కడే. నీవు ఊదు, వింటాను," అన్నాడు రాజు.

బొల్లన బూర అందుకుని, రొమ్ము విరిచి, బుగ్గలు పొంగించి ఊదాడు. పిల్లి తుమ్మినంత చప్పుడు వచ్చింది. సభలో ఎవరూ నవ్వలేదు. అవి నవ్వే రోజులు కావు.

రాజు మాచన వైపు తిరిగాడు. "నీవు అబద్ధమాడి ఉంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. నిజం చెప్పావు. కొండ గుహలో నందవ్వ ఉంది, ఆమె దగ్గరకు వెళ్ళు. ఆమె చెప్పేదాకా సాయంకాలపు కూత వద్దు. కాని ఒకటి గుర్తుంచుకో. తూర్పు కళ్ళం ఒక్కటే మిగిలింది. అది కాలితే వానల దాకా ఈ ఊరు బ్రతకదు. మూడవసారి తప్పు కూత వినిపిస్తే నీవూ నీ ఇంటివారూ ఈ ద్వారం దాటి వెళ్ళవలసిందే."

నందవ్వ కొండమీది తాపసి. ఏదో పాత యుద్ధంలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుందని చెప్పుకునేవారు. ఆమె మాత్రం ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. పగటివేళ బొల్లన బురుజు మీద కాపలా నిలుస్తుంటే, మాచన ఆ సమయంలో కొండ ఎక్కసాగాడు.

"నీ పని ఏమిటి?" అని అడిగింది నందవ్వ, మొదటి రోజు.

"వచ్చేవారిని చూడటం, చూసి చెప్పటం."

"నీలోకి భయం వస్తున్నప్పుడు చూశావా?"

"లేదవ్వా. చూసేలోపే బూర ఊదేస్తున్నాను."

"అంటే అక్కడ కావలి లేదు. కూర్చో. ముక్కుపుటాల దగ్గర ఒక వాకిలి ఉంది. ఊపిరి వచ్చినప్పుడు వచ్చిందని తెలుసుకో. పోయినప్పుడు పోయిందని తెలుసుకో. దాన్ని ఆపవద్దు, తరమవద్దు."

మాచన కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికే దిగ్గున లేచి గుహ బయటికి పరుగెత్తాడు.

"గుర్రాలు! గుర్రాలు వస్తున్నాయి!"

ఎదుట రాళ్ళు, ముళ్ళపొదలు, ఎండ. ఇంకేమీ లేదు. నందవ్వ వచ్చి అతని చేతిని తీసి అతని రొమ్ము మీదనే పెట్టింది. డెక్కల చప్పుడు అక్కడ ఉంది.

"ఇంతకాలం దీని కోసమా కళ్ళాలు కాల్చావు?" అంది. ఆ గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. "మళ్ళీ కూర్చో."

మరొక రోజు కళ్ళు మూయగానే తలుపులు తెరుచుకున్నాయి. గుండయ తలెత్తి పైకి చూశాడు. మాచన నేల మీద పడి, గడ్డిపరకలను పిడికిట పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"నా వల్ల కాదు అవ్వా. కూర్చుంటే వాడు వస్తున్నాడు."

నందవ్వ కర్ర అందుకుని లేచింది. "యుద్ధం చూసినవారికి ఊరికే కూర్చోవడం కష్టం. నేనూ కూర్చోలేకపోయాను. రా, నడుద్దాం. కళ్ళు తెరిచే ఉంచు. పాదం నేలను తాకినప్పుడు తాకిందని తెలుసుకో. అది చాలు ఈ రోజుకు."

వారిద్దరూ రాతిబండ మీద ఈ చివర నుండి ఆ చివరకు నడిచారు. ఎండ దిగేదాకా నడిచారు.

అలా కొన్నాళ్ళు నడిచి, కొన్నాళ్ళు కూర్చుని, మాచన ఒకనాడు కదలకుండా ఉండగలిగాడు. కళ్ళు తెరిచేసరికి నందవ్వ ఎదుట కూర్చుని ఉంది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఎలా ఉంది?"

"గొంతులో ముడి పడింది. అరచేతులకు చెమట పట్టింది. గుండయ ముఖం కనిపించింది. లేచి పరుగెత్తాలనిపించింది. ఊపిరిని పట్టుకుని కూర్చున్నాను. కొంతసేపటికి ముడి సడలింది."

"ఇప్పుడు నీవు కావలివాడివి," అంది నందవ్వ.

మాచన వెళ్ళబోతూ వాకిట ఆగాడు. "అవ్వా, భయం పూర్తిగా పోతుందా?"

ఆమె చూపు దూరాన ఉన్న కొండల మీద నిలిచింది. "నాది పోలేదు," అంది. "దిగు. పొద్దు వాలుతోంది."

ఆ వారంలోనే ఒక సాయంకాలం పడమట ధూళి లేచింది.

ఊరి మంద అప్పటికే కోటలోకి వచ్చేసింది. అయితే ఆ ఆవులు ఎవరివి? మాచన బురుజు అంచుకు వచ్చి చూశాడు. ముందు ఆవులు. వాటి వెనుక ధూళిలో మనుషులు, చాలామంది. ఆనాటి సాయంకాలం ఎలా వచ్చారో అలాగే.

అతడు అంచు రాతిని రెండు చేతులా పట్టుకున్నాడు.

గోడ మీద నుండి బొల్లన అరిచాడు. "మాచనా! ఆవుల వెనుక మనుషులున్నారు! అదే ఎత్తు, వాళ్ళే! ఊదు!"

విలుకాండ్రు నారి సారించారు. బొల్లన కేకకే చోరద్వారం తెరుచుకుంది. కాగడాలు వెలిగాయి. ఆకలితో చిక్కిన ఊరు, తన కడపటి ధాన్యాన్ని తన చేతులతోనే కాల్చుకోవడానికి తూర్పు కళ్ళం వైపు పరుగెత్తింది. వారిలో చెన్నమ కూడా ఉంది.

మాచన బూర ఎత్తాడు. పెదవులకు ఆనించాడు. ఊదలేదు.

తెగిన కూత ఊదితే ధాన్యం పోతుంది, వచ్చేవారు తనవారైతే తనవారి బాణాలకే పడిపోతారు. నిండు కూత ఊదితే తలుపులు తెరుచుకుంటాయి, వచ్చేవారు శత్రువులైతే ఆనాటిదే మళ్ళీ జరుగుతుంది. రెండింటిలో ఏది తప్పినా సరిదిద్దడానికి ఈసారి ఊరు మిగలదు.

"ఊదవేం? చచ్చావా?" బొల్లన గొంతు చీరుకుపోయింది.

ఊపిరి వచ్చింది. వచ్చిందని మాచనకు తెలిసింది. పోయింది. పోయిందని తెలిసింది. గొంతులో ముడి పడింది. అదీ తెలిసింది. డెక్కల చప్పుడు ఎక్కడిదో తెలిసింది. అది రొమ్ములోనే ఉండనిచ్చి, అతడు కళ్ళు పూర్తిగా తెరిచి ధూళి వైపు చూశాడు.

ఆనాడు ఆవులు తోకలెత్తి, కళ్ళు తేలవేసి, ఈటెపోట్లకు బెదిరి పరుగున వచ్చాయి. ఆ పరుగును ఆనాడు తాను చూసీ పట్టించుకోలేదు. నేడు ఈ ఆవులు నడుస్తున్నాయి. దారి పక్క గడ్డి కనిపిస్తే ఆగి కొరుకుతున్నాయి. వెనుక మనుషులు కుంటుతున్నారు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకున్నారు. చిన్న దూడ ఒకటి నడవలేక కూలబడింది. ఒక మనిషి వంగి, దాన్ని ఎత్తి భుజాల మీద వేసుకుని మళ్ళీ నడిచాడు.

ఈటె పట్టి వచ్చేవాని భుజం మీద దూడకు చోటు ఉండదు.

మాచన ఊపిరి పీల్చాడు. కడుపు నిండా పీల్చాడు. ఊదాడు.

బూర మోగింది. కళ్ళం దగ్గర కాగడాలు ఆగాయి. గోడ మీద వేళ్ళు నారి మీదనే నిలిచాయి. ఊరంతా ఊపిరి బిగబట్టి ఆ కూత తెగే చోటు కోసం ఎదురుచూసింది. చెన్నమ కాగడా కుప్పకు జానెడు దూరంలో ఉంది.

కూత సాగింది. నడుమ ఒకచోట వణికింది. ఆ చోట గుండయ తలెత్తి చూశాడు. మాచన అతనిని చూశాడు. చూపు తిప్పుకోలేదు. ఊపిరి వదలలేదు. కూత మళ్ళీ నిటారుగా నిలిచి, కొండకు తగిలి, కొండ మీది గుహకు తగిలి, చివరిదాకా నిండుగా సాగి ఆగింది.

ఆ కూత వారు విని ఎంతో కాలమైంది. పోలి వయసు పిల్లలు కొందరు అది ఏమిటని తల్లులను అడిగారు.

తలుపులు తెరుచుకున్నాయి.

వచ్చినవారు బందీలుగా పోయిన కంచుమెట్ట వారే. పొరుగు దేశపు రాజు మరణించాడు. అతని కొడుకు యుద్ధం వద్దనుకుని, వారిని విడిచిపెట్టి, దారిలో పాలకు కొన్ని ఆవులనిచ్చి పంపాడు. దూడను మోసుకొచ్చినవాడు చెన్నమ కొడుకు. చెన్నమ కాగడాను మట్టిలో గుచ్చి ఆర్పి, ఎదురుగా పరుగెత్తింది. కొడుకును పట్టుకుని ఏడుస్తూనే తలెత్తి బురుజు వైపు చూసింది.

"మాచనా! నేనన్న మాటకు నా నోట్లో మన్ను పడ నాయనా!"

మాచన వినలేదు. అప్పటికే బూరతో మెట్లు దిగి ద్వారం పక్కన నిలబడి ఉన్నాడు. లోనికి వచ్చే ముఖాలను ఒక్కొక్కటిగా చూశాడు. చివరి మనిషి, చివరి ఆవు లోనికి వచ్చేదాకా చూశాడు. గుండయ వారిలో లేడు.

కామసాని వచ్చి భర్త పక్కన నిలిచింది. బొల్లన కూడా వచ్చాడు. మాచన చేతి నుండి జారి నేల మీద పడి ఉన్న బూరను రెండు చేతులతో ఎత్తి మాచనకు ఇచ్చాడు.

మరునాడు ఊరి ఆవులు మేతకు వెళ్ళాయి. సాయంకాలం ధూళి లేచింది. మాచన చేతులు చల్లబడ్డాయి, ఎప్పటివలెనే. అతడు బురుజు మీద కూర్చుని కొంతసేపు ఊపిరిని చూసుకున్నాడు. తరువాత లేచి, ధూళిని చూసి, నిండు కూత ఊదాడు. దిగువ వీధుల్లో పొయ్యిలు వెలిగాయి. పోలి మేకపిల్ల మెడలో కొత్త గంట ఒకటి మోగింది. దాన్ని కట్టినది మాచనే.

కనుక పిల్లలారా, భయం వచ్చినప్పుడు దాన్ని కాదనకూడదు, అది చెప్పినట్టల్లా చేయకూడదు. ఒక్క నిండు ఊపిరి పీల్చి, కళ్ళు తెరిచి, ముందుగా చూడాలి, ఎందుకంటే చూడకుండా ఊదినవాడు శత్రువు చేయవలసిన పనిని తన చేతులతో తానే చేస్తాడు.